తోమిన తూటాలు

పెట్టె మూత తీయగానే ఎండ సమూయేలు కళ్ళలో పడింది. ఎండ ఆకాశంలోంచి రావాలి గానీ పెట్టెలోంచి రావడమేమిటో ఒక్క క్షణం అంతుపట్టలేదు. లోపల పదిహేను తూటాలు, ఐదేసి చొప్పున మూడు వరసలు, పెళ్ళివారింట్లో కొత్త చెంబుల్లా తళతళలాడిపోతున్నాయి. గురువారం సాయంత్రం గరాజ్‌లో తనే స్వయంగా మందు కూరి సర్దినప్పుడు ఇవి ఇలా లేవు. కాస్త మాసిపోయి, కాస్త నల్లబడి, పెద్దమనిషి తరహాగా ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, ఒక్కోదాని నడుము చుట్టూ ఫెల్టు పెన్నుతో గీసిన గీత ఉండేది. ఐదింటికి నల్ల గీత, ఐదింటికి నీలం, ఐదింటికి ఎరుపు. నల్లవాటిలో తుపాకి మందు తక్కువ, నీలంవాటిలో ఇంకొంచెం, ఎర్రవాటిలో మరికొంచెం. ఆ కొంచెమెంతంటే కంసాలి తూచే గురివింద గింజలో నాలుగో వంతు. ఇప్పుడు నడుములున్నాయి, గీతలు లేవు. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చింతపండు.

అత్తగారు. ఇంకెవరు? సిడ్నీ శివార్లలోని ఈ క్వేకర్స్ హిల్ మొత్తం మీద తూటాలకి చింతపండు రాసే మనిషి ఇంకొకరుంటే పోలీసులకి ఈపాటికి తెలిసే ఉండేది. అయితే ఇప్పుడు లేచి వెళ్ళి నిలదీయడానికి లేదు. అతను తుపాకి కాల్చే రేంజిలో చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు, ఎడమ చేతికి తోలు పట్టీ బిగించి ఉంది, ఎదురుగా ఎనిమిది వందల గజాల అవతల గుట్ట కింద తెల్లటి టార్గెట్ పోస్టు కార్డంత కనిపిస్తోంది. వెనక ఇరవై అడుగుల దూరంలో, మడత కుర్చీలో, నల్ల గొడుగు కింద, ఒళ్ళో బైబిలుతో, చెవుల్లో దూదితో, జ్ఞానప్రసూనమ్మగారు కూర్చుని ఉంది. భార్య ప్రిస్సిల్లాకి శనివారం హాస్పిటల్లో డ్యూటీ. పెద్దావిడని ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక వెంట తెచ్చాడు. మెడ తిప్పి, గొంతు తగ్గించి అరిచే ప్రయత్నం చేశాడు, అది ఎవరివల్లా అయ్యే పని కాదు.

"అత్తయ్యగారూ! ఇవి తోమారా?"

ఆవిడ ఒక చెవిలో దూది తీసింది. "ఆయ్, నిన్న మధ్యాహ్నం తోమానండి. మరీ చిలుం పట్టిపోయాయి కదండీ బాబూ."

"తీసిన వరసలోనే పెట్టారా?"

"వరసేంటండీ? కడిగేసి, చేటలో వేసి చెరిగాను. చక్కగా ఆరిపోయాయి."

చేటలో వేసి చెరిగింది. సమూయేలు తల చాప మీద ఆన్చాడు. నరసాపురం నుంచి ఆ చేటని ఆవిడ సూట్‌కేసులో పెట్టి తెచ్చింది, సిడ్నీ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి టోపీ అనుకుని వదిలేసింది. ఆ అమ్మాయి కాస్త గట్టిది అయ్యుంటే తన బతుకు ఇవాళ ఇలా ఉండేది కాదు. తనలో తాను ధైర్యం చెప్పుకున్నాడు. ప్రాణభయం లేదు, మూడు రకాలూ తూటాలు కూరే పుస్తకంలో రాసిన హద్దుకి లోపలివే, తడి కూడా లేదు, ఒక్కొక్కటీ తుడిచి చూశాడు. ఉన్నదల్లా పరువు భయం. ఇవాళ నాలుగు గంటలకి రైఫిల్ క్లబ్బు కెప్టెన్ నెవిల్, వచ్చే శనివారం పోటీకి వెళ్ళే ఆరుగురి పేర్లు క్లబ్బు తలుపు మీద అతికిస్తాడు. ఐదుగురెవరో అందరికీ తెలుసు. ఆరో చోటుకి ఇద్దరున్నారు. ఒకడు సమూయేలు, రెండోవాడు బ్యారీ. నెవిల్ ఒక్కటే మాట అన్నాడు, పదిహేను గుండ్లు కాల్చండి, ఎత్తులో జానెడు దాటకుండా నిలిచే తూటా రకం ఎవడు చూపిస్తే వాడిదే చోటు, ఇవాళ తప్పితే ఇంకో రోజు లేదు. ఆ బ్యారీయే ఇప్పుడు పక్క చాప మీద పడుకుని ఉన్నాడు. ఇక్కడి పద్ధతి అది. ఇద్దరు పక్కపక్కన పడుకుని వంతులవారీగా కాల్చాలి, ఒకరి లెక్క ఇంకొకరు రాయాలి. సమూయేలు మార్కులన్నీ, అతని చోటుకి పోటీ వచ్చిన మనిషి చేతిలోని పెన్సిల్ ముక్కకి అప్పగించి ఉన్నాయి.

"యువర్ షాట్, సామ్," అన్నాడు బ్యారీ.

ఏది తీయాలి? పదిహేనూ పదిహేను కవల పిల్లల్లా ఉన్నాయి. చేతికి దొరికింది తీసి పెట్టాడు, ఊపిరి సగం వదిలాడు, జెండాలు చూశాడు, మీట నొక్కాడు. భుజం మీద తెలిసిన దెబ్బే. టార్గెట్ గోతిలోకి దిగింది. అక్కడ ఇప్పుడు ఎవడో కుర్రాడు చిల్లు వెతికి, దానిలో రంగు బిళ్ళ గుచ్చి, పాత చిల్లు మీద కాగితం అతికించి మళ్ళీ పైకి లేపుతాడు. ఆ గోయి సమూయేలుకి అత్తారింటి కంటే బాగా తెలుసు. ఐదేళ్ళు అందులోనే ఉన్నాడు. ప్రతి ఏడూ టీముకి వెళ్ళే ఆరుగురిలో అతను ఏడోవాడు. ఏడోవాడి పని గోతిలో కూర్చుని ఆరుగురి చిల్లులకీ జిగురు రాయడం. గుండు తల మీదుగా వెళ్తుంటే చప్పట్లు కొట్టినట్టు చటుక్కున శబ్దమవుతుంది. ఐదేళ్ళు పరాయివాళ్ళ చప్పట్ల కింద కూర్చున్నాడు. మొదట్లో ల్యాబులో పనిచేసే ఒకతను సరదాగా రమ్మంటే వచ్చాడు. మందుల కంపెనీలో తూకాల గది తనది. రోజూ ఎనిమిది గంటలు మాత్రల పొడి తూచి తూచి, తూచిన ఆ పొడి ఎవరి కడుపులోకి పోతుందో, అక్కడ ఏం చేస్తుందో ఎప్పటికీ తెలియని బతుకులో, తూచింది తూచినట్టు వెళ్ళి ఎనిమిది వందల గజాల అవతల చిల్లై కనపడటం చూసి మనసు పారేసుకున్నాడు. రమ్మన్నతను వెళ్ళిపోయాడు, సమూయేలు ఉండిపోయాడు. టార్గెట్ లేచింది. బిళ్ళ నడిమధ్య ఉంది. బ్యారీ కార్డు మీద ఐదు మార్కులు వేశాడు.

రెండోది పైకి వెళ్ళింది. నడిమధ్య కంటే జానా బెత్తెడు పైన, చెప్పుల షాపులో పై అరలో పెట్టిన జోడులా ఒంటరిగా నవ్వుతోంది. "హై ఫోర్," అన్నాడు బ్యారీ, అంటే పైన తగిలి నాలుగు మార్కులు, మర్యాదకి నాలుక కూడా చప్పరించాడు. సమూయేలు తన నోటు పుస్తకంలో చుక్క పెట్టుకున్నాడు. నల్లది అయ్యుంటుంది, అనుకున్నాడు వెంటనే. ఏమాత్రం ఆలోచించకుండా అనుకున్నాడు. నల్లది ఎప్పుడూ అంతే, నమ్మదగ్గది కాదు. ఎర్రది అయ్యుండదు. ఎర్రది తన బిడ్డ. రెండేళ్ళ కిందట ఒక మబ్బు పట్టిన శనివారం ఐదు ఎర్రవి అరచేతిలో పట్టేంత చోట కూర్చున్నాయి, ఆ రోజు నుంచీ ఎర్రదానికి అతను ప్రచారకుడైపోయాడు. క్లబ్బులో టీ తాగేచోట ఎర్రది, కారులో ఎర్రది, భోజనాల దగ్గర ఎర్రది. గల్ఫులో యుద్ధం వస్తుందా రాదా అని రేడియో గగ్గోలు పెడుతుంటే దాన్ని కట్టేసి ఎర్రది గురించి చెప్పాడు. "ఏవండీ, నా గురించి ఎప్పుడన్నా ఇంతసేపు మాట్లాడారా మీరు?" అని ప్రిస్సిల్లా అడిగితే నిజాయితీగా ఆలోచించి, నీ గురించి ఇంత కచ్చితమైన లెక్కలు నా దగ్గర లేవు అన్నాడు. ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజుల్లో అతను ఇంకో ముప్ఫై ఎర్రవి తయారు చేశాడు.

మూడోది మధ్యలో. నాలుగోది మధ్యలో. బ్యారీ కాల్చే వంతు మధ్య మధ్యలో వస్తోంది, అతని గుండ్లు అటు పైకీ ఇటు కిందికీ గాలిపటంలా ఆడుతున్నాయి. ఆ సంగతి సమూయేలు బుర్రకి పూర్తిగా ఎక్కడం లేదు. ఎందుకంటే బుర్రలో అత్తగారితో చెప్పబోయే మాటలు తయారవుతున్నాయి. మొదటి మాటల్లో కోపం ఎక్కువైంది, కొట్టేశాడు. రెండోసారి మర్యాద ఎక్కువైంది, అదీ కొట్టేశాడు. మూడోసారి ఇలా మొదలైంది: అత్తయ్యగారండీ, మీరు పెద్దవారు, మిమ్మల్ని ఒక్క మాట అనే హక్కు నాకు లేదు, అయినా అంటున్నాను. ఇది బాగుంది. దీని తర్వాత ఏమనాలి? మీరు నాలుగు నెలల కిందట వచ్చారు, వచ్చిన రోజు నుంచీ నా ఇంట్లో మీ చేతులకి పని లేదని గోల పెడుతున్నారు. ఐదోది పైకి వెళ్ళింది. హై ఫోర్. సరే, మళ్ళీ నల్లదే. పని లేదంటే ఎలా ఉంటుందండీ, బట్టలుతకడానికి మిషనుంది, గిన్నెలు కడగడానికి మిషనుంది, ఇల్లు ఊడవడానికి గొట్టమున్న మిషనుంది. మీరు మిషను కడిగిన గిన్నెలు తీసి మళ్ళీ కడుగుతుంటే ప్రిస్సిల్లా, అమ్మా, నువ్వు కూర్చోమ్మా, నీకు రెస్టు కావాలి, అని మీ చేతిలోంచి పీచు లాక్కుంది. అది నా తప్పా? ఆరోది కూడా పైకే.

చేతులు. ఇక్కడ ఆలోచన పక్కకి జారిపోయింది, అలా జారనివ్వకూడదని తెలిసినా జారింది. ఆవిడ చేతులు అతను మొదట చూసింది నరసాపురం చర్చిలో, పెళ్ళిచూపులకి వెళ్ళిన రోజు. ఈస్టరుకి ముందు శనివారం. పిల్లని చూద్దామని పొరపాటున పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళాడు. ఒకావిడ నేల మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మోచేతుల దాకా చింతపండు గుజ్జుతో, కానుక పళ్ళాలూ దీపపు స్తంభాలూ ప్రభుభోజనపు గిన్నెలూ ముందేసుకుని తోముతోంది. ఎవరబ్బాయివి, అని తలెత్తకుండా అడిగింది. చెప్పాడు. అయితే ఆ గంట పట్టుకో, అంది. కాబోయే అత్తగారని తెలియక, గంట పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాడు. దాని మీద ఆవిడ ఉప్పు రాసింది, బూడిద రాసింది, పీచుతో వలయాలు వలయాలుగా రుద్దింది, చివరికి నీళ్ళు పోస్తే గంటలో అతని మొహం కనపడింది, కాస్త వెడల్పుగా, కాస్త వెర్రిగా. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ చర్చి ఇత్తడంతా ఆవిడదే. పాదిరీలు పదిమంది మారారు గానీ ఆవిడ మారలేదు. అలాంటి మనిషికి గరాజ్‌లో, అరలో, నల్లబడిన ఇత్తడి పదిహేను ముక్కలు కనపడితే? తోమక ఏం చేస్తుంది? ఛ, అలా అనుకుంటే కోపం ఎలా నిలబడుతుంది, మళ్ళీ మొదలుపెట్టాలి. అత్తయ్యగారండీ, మీరు పెద్దవారు.

అప్పుడే ఎర్ర జెండా లేచింది. "సీజ్ ఫైర్! రూస్!" అని ఎవరో అరిచారు. టార్గెట్ల ముందు గడ్డిలోకి కంగారూలు వచ్చాయి, ఏడో ఎనిమిదో, ఒకదాని సంచిలో పిల్ల కూడా ఉంది. ఇది వాటి పొలమే అన్నట్టు తాపీగా మేస్తున్నాయి. రైఫిళ్ళన్నీ తెరిచి కింద పెట్టేశారు. ఇక అవి పోయేదాకా ఎవరూ కదలకూడదు. బ్యారీ టోపీ మొహం మీద వేసుకుని నిద్రకి సిద్ధమయ్యాడు.

"ఆగిపోయారేంటండీ బాబూ?" వెనక నుంచి అత్తగారి గొంతు.

"కంగారూలొచ్చాయండి."

"ఇంతమంది తుపాకులు పట్టుకుని కూర్చున్నారు, ఒక్కటి కొట్టలేరూ?"

"కొట్టకూడదండి."

"మరి దేన్ని కొట్టడానికండీ, ఇంత ఎండలో?"

"కాగితాన్నండి."

వెనక బైబిలు పేజీ తిప్పిన చప్పుడు, ఓ నిట్టూర్పు వినిపించాయి. సమూయేలు నోటు పుస్తకం తెరిచాడు. తొమ్మిది కాల్చాడు. తొమ్మిది చుక్కలు. ఊరికే చూస్తున్నవాడల్లా కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. ఆరు చుక్కలు నడిమధ్య ఒకే ఎత్తులో, చీమల బారులా అటూ ఇటూ నడిచినట్టున్నాయి గానీ పైకీ కిందికీ పోలేదు. మూడు చుక్కలు వాటికి జానా బెత్తెడు పైన, అవీ ఒక ఎత్తులోనే. మధ్యలో ఖాళీ. చింతపండు పెట్టి తుడిచేసినా, చేటలో వేసి చెరిగేసినా, అక్కడికి వెళ్ళి తూటాలు తమంతట తామే ఎవరి పంక్తిలో వాళ్ళు కూర్చుంటున్నాయి. ఈ లెక్కన పైకి వెళ్ళేవి ఒక రంగు, కిందవి రెండు రంగులు. పైకి వెళ్ళేది ఏ రంగు? నల్లది, అంది మనసు. నల్లది ఎలా పైకి వెళ్తుందిరా, దానిలో మందు తక్కువ కదా, అంది బుర్ర. మందెక్కువైతేనే గుండు పైకి వెళ్తుంది. ఎర్రది. పైన ఒంటరిగా నవ్వుతున్నది తన బిడ్డే. ఉహూ, కావడానికి వీల్లేదు. రెండేళ్ళుగా ప్రతి పరీక్షలో ఎర్రదే మొదట వచ్చింది. పుస్తకంలో ఎర్ర సిరాతో ఉంది. కంగారూల్లో పెద్దది తల ఎత్తి, సరాసరి సమూయేలు వైపే చూసి, నమలడం ఆపి, మళ్ళీ నమలడం మొదలెట్టింది.

అవి వెళ్ళాయి. పదోది పెట్టాడు, ఊపిరి సగం వదిలాడు, అక్కడ ఆగాడు. ఎంతసేపు ఆగాలి? ఇప్పుడు తన చేతిలో ఉన్నది ఏ రంగో తెలియదు కాబట్టి అన్నిటికీ ఆగినంతే ఆగాలి. అన్నిటికీ ఆగినంత. ఈ మాట దగ్గర అతను వేలు మీట మీద నుంచి తీసేశాడు. మరి ఇన్నాళ్ళూ ఎలా ఆగేవాడు? నల్లదైతే పీడ వదిలినట్టు నొక్కేసేవాడు. నీలమైతే గాలి ఒకసారి చూసేవాడు. ఎర్రదైతే, ప్రభువా, ఎర్రదైతే జెండా మూడుసార్లు చూసి, ఊపిరి మళ్ళీ తీసి, మోచెయ్యి సర్దుకుని, మేనకోడల్ని అత్తారింటికి పంపిస్తున్నంత ఆప్యాయంగా పంపేవాడు. దూరంగా పోయిందా, అది గాలి తప్పు, లెక్కలోకి రాదు. నల్లది దూరంగా పోయిందా, చూశారా, చెప్పానా. కంపెనీలో కొత్త మాత్ర పరీక్షకి పెట్టినప్పుడు ఏది మందో ఏది పిండో ఇచ్చేవాడికీ మింగేవాడికీ చెప్పరు. ఆ సీసాల మీద నంబర్లు అతికించేది ఎవరు? తనే. పదకొండేళ్ళుగా నంబర్లు అతికించి, ఇంటికొచ్చి గరాజ్‌లో తన ముద్దుల కూతురికి తనే పరీక్ష పెట్టి, తనే పేపరు దిద్ది, తనే ఫస్టు క్లాసిచ్చాడు. సిగ్గు మెడ దాకా వచ్చింది. మీట నొక్కాడు. మధ్యలో.

పదకొండు పైకి. పన్నెండు మధ్యలో. పదమూడు మధ్యలో. ఇంత సుఖంగా అతను జీవితంలో ఎప్పుడూ కాల్చలేదు. ఆశ లేదు, ముద్దు లేదు, పక్షపాతం లేదు, చేతికి వచ్చింది పెట్టడం, చూడాల్సినంత చూడటం, పంపడం. పద్నాలుగు పైకి. అత్తగారికి చెప్పే మాటలు ఐదోసారికి చేరి, అక్కడ మాటలు రాక ఆగిపోయాయి. ఆఖరి మెరుపు ముక్కని వేళ్ళతో తీశాడు. అందులో తన బొటనవేలు, దాని వెనక ఆకాశం, ఆకాశం మూల నల్ల గొడుగు కనిపించాయి. పదిహేను మధ్యలో.

బ్యారీ తన ఆఖరి గుండు కాల్చి, దాన్ని ఎక్కడో గడ్డిలోకి పంపి, నిట్టూర్చి లేచి కూర్చున్నాడు. సమూయేలు ఎత్తులు కొలిచి చూసుకున్నాడు. పది గుండ్లు జానెడులో. ఐదు పైన. సరిగ్గా ఐదు. అంటే ఎర్రది పోయింది, నల్లదీ నీలమూ రెండూ ఒకే ఎత్తులో నిలబడ్డాయి. ఇది ఎంత గొప్ప సంగతో తూటాలు కూరేవాళ్ళకే తెలుస్తుంది. ఆ రెండిటికీ మధ్య మందు పిసరు ఎక్కువైనా తక్కువైనా గుండు లెక్కచేయదన్నమాట. అలాంటి చోటు దొరకడం కోసమే మనుషులు గరాజ్‌లలో ముసలివాళ్ళవుతారు. అయినా ముందు ఎర్రదాని కోసం అతనికి నిజంగానే దుఃఖం వచ్చింది. రెండేళ్ళు.

నెవిల్ దుర్భిణి మడుచుకుంటూ వచ్చాడు. ఆరడుగుల మనిషి, డెబ్బై ఏళ్ళు, నవ్వితే వాతావరణం మారిందేమో అని జనం ఆకాశం చూస్తారు. "పది బాగున్నాయి సామ్. చాలా బాగున్నాయి. ఆ ఐదు ఏంటి?"

సమూయేలు నోరు తెరిచేలోగా బ్యారీ తను రాసిన కార్డు ఎండకి ఎత్తిపట్టాడు. రెండు, ఐదు, ఆరు, పదకొండు, పద్నాలుగు. పెదవులు కదుపుతూ చదివాడు. ఇంకోసారి చదివాడు. "ఓ బ్లడీ హెల్," అన్నాడు. "నెవ్, ఇది చూడు. వరసగా లేవు. కావాలనే కలిపేశాడు! ఏది ఏదో తనకే తెలియకుండా! ఇది మన ఊరి షోలో కేకుల పోటీ పద్ధతి, మేట్. ప్లేట్ల మీద పేర్లుండవు, నంబర్లే. పేర్లు పెడితే ప్రతి ఏడూ అందరికీ తెలిసిన మేవిస్‌కే ఫస్ట్ ప్రైజ్ ఇస్తారు, కేకు ఎలా ఉన్నా." కార్డుతో తొడ మీద కొట్టుకున్నాడు. తన చోటు పోతోందన్న ధ్యాస కూడా లేదు మహానుభావుడికి. "ముప్ఫై ఏళ్ళుగా కూరుతున్నాం, మనలో ఒక్కడికి తట్టిందా?"

నెవిల్ సమూయేలు వైపు చూశాడు. ఐదేళ్ళలో మొదటిసారి పూర్తిగా చూశాడు. "గుర్తులన్నీ తుడిచేశావా?" అన్నాడు నెమ్మదిగా. "అందుకేనా ఇంత మెరుస్తున్నాయి?"

ఒక్క తల ఊపు. అంతే కావాలి. అబద్ధం నోటితో చెప్పక్కర్లేదు, మెడతో చెప్తే చాలు. మెడ అప్పటికే కొంచెం ముందుకి వంగింది కూడా. ల్యాబు మనిషి కదా, ఈ ఆలోచన రావలసింది తనకే కదా, రావలసినది వచ్చినట్టే లెక్క కదా. ఆరో పేరు తలుపు మీద కనపడింది, కోటు మీద క్లబ్బు బ్యాడ్జీ కనపడింది, గోతిలో జిగురు డబ్బాతో బ్యారీ కనపడ్డాడు. తర్వాత ఎందుకో వెనక్కి చూశాడు. ఆవిడ గొడుగు వంచి, చెవుల్లో దూదితో, అల్లుడి చుట్టూ దొరలు మూగడం చూసి, మంచో చెడో తెలియక, ఒళ్ళో చేతులు రెండూ ఖాళీగా పెట్టుకుని చూస్తోంది. ఆ ఖాళీ చేతులు చూడగానే సమూయేలుకి మెడ బరువెక్కింది. ఒక గంట నుంచీ ఈ మనిషిని తిట్టడానికి మాటలు ఏరుకుంటున్నాడు, ఇప్పుడు ఈ మనిషి కష్టాన్ని తన పేరు మీద వేసుకోబోతున్నాడు. ఒక్క మధ్యాహ్నంలో మనిషి ఎంత దూరం దిగగలడో తూచే రాళ్ళు ఏ ల్యాబులోనూ లేవు.

"నేను కాదు," అన్నాడు. "ఆవిడ. మా అత్తగారు. మురికిగా ఉన్నాయని తోమేసింది. పెట్టె తెరిచేదాకా నాకు తెలియదు. ఏది ఏదో తెలియకనే కాల్చాను, వేరే దారి లేక. ఆ పైకెళ్ళిన ఐదూ మందెక్కువవి, మిగతా పదీ రెండు రకాలు."

నెవిల్ బ్యారీ చేతిలోంచి కార్డు తీసుకున్నాడు. "టార్గెట్‌కి మీ అత్తగారెవరో తెలియదు సామ్," అన్నాడు. "అది చెప్పింది నిజమే. ఆ రెండిటికీ మధ్యలో తూచి అరవై తయారు చెయ్యి. శనివారం ఆరింటికి బస్సు." ఆ తర్వాత ఎవరూ ఊహించని పని చేశాడు. మడత కుర్చీ దాకా నడిచి వెళ్ళి, టోపీ తీసి, అత్తగారి ముందు తల వంచాడు. "థాంక్యూ, మిసెస్," అన్నాడు.

ఆవిడ కంగారుగా లేచి దూది తీసింది. "ఏవంటున్నారండీ దొరగారు?"

"మీరు తోమినందువల్లే," అన్నాడు సమూయేలు, పదకొండేళ్ళలో ఆవిడతో ఇలాంటి మాట అన్న గుర్తు లేదు, "మీ చేతి చలవ వల్లే నాకు టీములో చోటొచ్చిందండి. అది చెప్తున్నాడు. నేనూ అదే అంటున్నాను."

ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఇత్తడన్నాక తోముకోవాలి కదండీ. మీ గరాజ్‌లో త్రాసు పక్కన వెల్వెట్టు పెట్టెలో చిన్న చిన్న బిళ్ళలున్నాయే, అవి నేనొచ్చిన వారం నుంచీ నేనే తోముతున్నానండి. ప్రతి శనివారం. బార్బెక్యూ బూడిద ఎంత మెత్తగా ఉంటుందండీ, ఆయ్, మన పిడకల బూడిద ఎందుకూ పనికిరాదు. ఇవాళ్టి వంతు ఇంటికెళ్ళాక చేస్తాను."

ఆ బిళ్ళలు తూకపు రాళ్ళు. కంపెనీ పాత త్రాసు పారేస్తుంటే బతిమాలి తెచ్చుకున్నవి. చేత్తో ముట్టుకుంటే చెమట అంటి బరువు మారుతుందని పటకారుతో తప్ప అతను ఎత్తనివి. వాటిని పదహారు శనివారాలు బూడిదేసి పీచుతో రుద్దితే ఇంకా ఎంత మిగిలాయో దేవుడికే తెలియాలి. అంటే నల్లది నల్లది కాదు, నీలం నీలం కాదు, ఇందాక జానెడులో కూర్చున్న ఆ పది గుండ్లలో నిజంగా ఎంత మందుందో భూమ్మీద ఎవరికీ తెలియదు. నెమ్మదిగా సమూయేలుకి, ల్యాబులో నేర్చుకున్న బుద్ధి ఏదో మిగిలి ఉండబట్టి, ఇంకో సంగతి తట్టింది. ఎంతైతేనేం? గురువారం తూచింది ఆ అరిగిన రాళ్ళతోనే. ఈ వారం కూడా ఆ రాళ్ళతోనే తూస్తే మళ్ళీ అంతే వస్తుంది. ఇంకొక్క పూట తోమకుండా ఉంటే చాలు. ఇంకొక్క శనివారం.

"అత్తయ్యగారండీ," రెండు చేతులూ జోడించాడు, నెవిల్ ఇదేదో హిందువుల పద్ధతి అనుకుని టోపీ మళ్ళీ తీశాడు, "వచ్చే శనివారం దాటేదాకా ఆ బిళ్ళలు ముట్టుకోకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అయ్యో, అవేం మాటలండీ బాబూ. ముట్టుకోనులెండి." ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చుంది, బైబిలు ఒళ్ళోకి తీసుకుంది, తెరవలేదు. "మరి అప్పటిదాకా నేనేం చెయ్యనండీ?"

నాలుగు నెలలుగా ఆవిడ ఇంట్లో అందరినీ అడుగుతున్నది ఇదే, అందరూ రెస్టు తీసుకోమని చెప్తున్నదీ దీనికే. గరాజ్‌లోకి అతను ప్రిస్సిల్లాని కూడా రానిచ్చింది లేదు, మందు తూచేటప్పుడు పక్కన మనిషి ఊపిరి తగిలినా త్రాసు కదులుతుందని. అరవై తూటాలు, అరవై తూకాలు, ముప్ఫై ఎనిమిదేళ్ళు వణకని చేతులు.

"గరాజ్‌లో నా పక్కన ఇంకో కుర్చీ వేస్తానండి," అన్నాడు. "మీరు ఖాళీ తూటా గొట్టాలు అందిస్తే నేను తూస్తాను. కాదు, మీరే తూద్దురుగాని, నేర్పుతాను. ఒకటే షరతు. చింతపండు మాత్రం లోపలికి రాకూడదు."

ఆవిడ ఆలోచించింది. చాలా సీరియస్‌గానే ఆలోచించింది.

"ఉప్పండీ?" అంది.